ఏజెన్సీ అంటే ఎవరి తరఫున?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీల్లో ‘ఏజెన్సీ’ అనే మాట లేని రోజు అరుదు. ‘ఏజెన్సీలో విజృంభిస్తున్న జ్వరాలు’ అని ఒక శీర్షిక ఉంటుంది. దాని కిందనే గ్యాస్ ఏజెన్సీ మీద వినియోగదారుల ఫిర్యాదు. పక్క కాలమ్‌లో విదేశీ ఉద్యోగాల పేరిట డబ్బు దండుకున్న ఏజెన్సీ మీద కేసు. ఢిల్లీ వార్తల్లోకి వెళ్తే కేంద్ర దర్యాప్తు ఏజెన్సీల సోదాలు. మొదటిది ఒక ప్రాంతం, రెండోది ఒక వ్యాపారం, మూడోది మధ్యవర్తి, నాలుగోది ప్రభుత్వ విభాగం. ఇవి చాలవన్నట్టు విశ్వవిద్యాలయాల్లో ‘స్త్రీల ఏజెన్సీ’ గురించి పత్రాలు రాస్తున్నారు, కంప్యూటర్ రంగంలో ‘ఏఐ ఏజెంట్లు’ వచ్చాయని చెబుతున్నారు.

ఒకే ఇంగ్లిష్ మాటకు నానార్థాలు ఉండటం వింతేమీ కాదు. ‘రన్’, ‘సెట్’ లాంటి చిన్న మాటలకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వందల అర్థాలిస్తుంది. అయితే ‘రన్’ అర్థం పొరబడితే పరీక్షలో ఒక మార్కు పోతుంది, అంతే. ‘ఏజెన్సీ’ని పొరబడితే భూమి రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు, కట్టిన డబ్బుకు దిక్కు లేకుండా పోవచ్చు. అందుకే ఈ మాటను కాస్త తీరిగ్గా విప్పి చూడటం అవసరం.

ఒకే వేరు, రెండు మొలకలు

లాటిన్‌లో ‘అగెరె’ అనే క్రియ ఉంది. చేయడం, నడపడం, పశువులను తోలడం దాని అర్థాలు. మనం రోజూ వాడే యాక్షన్, ఏజెండా, యాక్టర్ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. దాని ప్రకారం ఏజెంటు అంటే చేసేవాడు.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. చేసేవాడు తన కోసం, తన ఇష్టంతో చేస్తున్నాడా, లేక ఇంకొకరి తరఫున, వారు చెప్పినందుకు చేస్తున్నాడా? ఇంగ్లిష్‌లో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే పెరిగాయి. తత్వశాస్త్రం మొదటిదాన్ని తీసుకుంది, వ్యాపారమూ చట్టమూ రెండోదాన్ని తీసుకున్నాయి. నిఘంటువులో ఒకే పదం కింద కనిపించినా ఈ రెండూ దాదాపు ఎదురెదురు అర్థాలు. రసాయన శాస్త్రంలో ఇంకో పాయ ఉంది. రంగు పోగొట్టే పదార్థాన్ని బ్లీచింగ్ ఏజెంటు అంటారు. అక్కడ ఇష్టానికీ తరఫుకీ చోటు లేదు, ఫలితం కలిగించేది అని మాత్రమే అర్థం.

మన కొండలకు ఆ పేరెలా వచ్చింది

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం వైపు కొండ ప్రాంతాన్ని మైదానంలో అందరూ ఏజెన్సీ అనే అంటారు. ఎవరి ఏజెన్సీ అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. అక్కడ ఏ కంపెనీ వ్యాపారం పెట్టలేదు, ఎవరూ ఎవరికీ డీలర్‌షిప్ ఇవ్వలేదు. ఆ పేరు ఒక అధికారి హోదా నుంచి వచ్చింది.

18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల (ఈ తీరప్రాంతపు అప్పటి పేరు) జమీందారుల మీద పట్టు బిగిస్తున్నప్పుడు ఇక్కడ ఎదురు తిరగనివారు తక్కువ. 1794 జులైలో పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనలతో పోరాడి మరణించాడు. తర్వాత పాలకొండ, పర్లాకిమిడి వైపు అలజడులు ఆగలేదు. ఇలాంటి తిరుగుబాట్లనే ఈ ప్రాంతంలో ఫితూరీలు అన్నారు. 1832 చివర మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులు, మామూలు చట్టాలు పనిచేయవనీ, అధికారమంతా ఒక్క చేతిలో ఉండాలనీ ఆయన సిఫారసు చేశాడు.

ఫలితంగా 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాలకు ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. ఇప్పటి శ్రీకాకుళం చుట్టుపక్కలు అప్పట్లో గంజాం జిల్లాలో, విజయనగరం, పార్వతీపురం, పాలకొండ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ చట్టం నిర్దేశించిన ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించారు. సివిల్, క్రిమినల్ న్యాయంతో పాటు రెవెన్యూ వ్యవహారాలూ కలెక్టరుకే అప్పగించారు. ఆ పాత్రలో కలెక్టరు కలెక్టరు కాదు, చెన్నపట్నంలోని గవర్నరుకు ఏజెంటు. ఏజెంటు ఏలే ప్రాంతం కాబట్టి అది ఏజెన్సీ అయింది. ‘తరఫున’ అనే అర్థమే ఇది. కాకపోతే కొండలవారి తరఫున కాదు, గవర్నరు తరఫున.

మొదట్లో మైదానంలోని పెద్ద జమీందారీలు కూడా ఈ ఏజెంటు కిందే ఉండేవన్నది ఇప్పుడు చాలామందికి తెలియదు. కాలక్రమంలో మైదానాలు సాధారణ కోర్టుల కిందికి తిరిగి వచ్చాయి, కొండలు మిగిలాయి. దాంతో ఏజెన్సీ, కొండ ప్రాంతం అనే రెండు మాటలూ జనం నోట ఒకటైపోయాయి.

ఈ ఏర్పాటును ఎలా చూడాలన్న దానిమీద రెండు వాదనలు ఉన్నాయి. మైదానపు వడ్డీవ్యాపారులు, వకీళ్లు, కోర్టు ఖర్చుల నుంచి గిరిజనులను కాపాడిన గోడ అది అన్నది ఒకటి. తిరుగుబాట్లను అణచడానికి అధికారాలన్నీ ఒక్కడికి కట్టబెట్టిన పాలన అన్నది మరొకటి. కాలక్రమం చూస్తే రెండో వాదనకే మొగ్గు కనిపిస్తుంది. 1839 చట్టానికి పురికొల్పినవి ఫితూరీలే. కొండ గిరిజనుల భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోకూడదన్న చట్టం 1917లో గానీ రాలేదు, అంటే 78 ఏళ్ల తర్వాత. కానీ ఆ తర్వాతి రక్షణలన్నీ ఆ పాత సరిహద్దు గీత మీదే నిలబడ్డాయన్నది మొదటి వాదన వారి జవాబు. అదీ కొట్టిపారేయలేనిదే.

ఏజెన్సీ, షెడ్యూల్డ్ ఏరియా ఒకటేనా?

కాదు. మాటల్లో ఒకటే, కాగితం మీద వేరు.

ఈ ప్రాంతాలకు పాలకులు పేర్లు మారుస్తూనే వచ్చారు. 1874లో షెడ్యూల్డ్ జిల్లాలు అన్నారు. 1919 తర్వాత వెనుకబడిన ప్రాంతాలయ్యాయి, 1935 చట్టంలో పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలయ్యాయి. రాజ్యాంగం వచ్చాక, 1950లో, గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే దాని ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డ్ ప్రాంతాలయ్యాయి. ఆ ఐదో షెడ్యూలులో వెతికినా ‘ఏజెన్సీ’ అనే మాట దొరకదు. అయినా ఏజెన్సీ న్యాయస్థానాలు, ప్రభుత్వ ఏజెంటు అనే హోదా స్వాతంత్ర్యం తర్వాత కూడా మన చట్ట పత్రాల్లో కొనసాగాయి. 1967 నుంచి 1970 వరకు సాగిన గిరిజన పోరాటంతో ‘శ్రీకాకుళం ఏజెన్సీ’ అన్న పేరు దేశమంతా వినబడింది. పాత పేరు చావకపోవడానికి అదీ ఒక కారణం.

తేడా ఎక్కడ తెలుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పాలకొండలో ఉండే గిరిజనేతరుడు ఒకాయన కొండవాలులో రెండెకరాల జీడితోట కొనాలనుకున్నాడు. అమ్మేవాడు కూడా గిరిజనేతరుడే, తాతల కాలం నుంచి అక్కడే ఉన్నాడు. ఇద్దరూ గిరిజనులు కాదు కాబట్టి అడ్డేమిటి అనిపిస్తుంది. ఆ గ్రామం షెడ్యూల్డ్ జాబితాలో ఉంటే అమ్మకం చెల్లదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించినప్పుడు, అంటే అందరూ 1/70 చట్టం అని పిలిచే సవరణలో, గిరిజనేతరుల మధ్య బదిలీలను కూడా నిషేధించారు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యే వరకు, చట్టం భావిస్తుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకో ప్రైవేటు కంపెనీలకో గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది.

ఇప్పుడు అదే తోట నాలుగు కిలోమీటర్ల అవతల ఉందనుకోండి. అక్కడా కొండే, అక్కడా సవరలే, జాతాపులే ఉంటారు, చూసేవారెవరైనా దాన్నీ ఏజెన్సీ అనే అంటారు. కానీ ఆ గ్రామం పేరు షెడ్యూల్డ్ జాబితాలో లేకపోతే 1/70 వర్తించదు. ఇలా జాబితాకు బయట ఉండిపోయిన గిరిజన గ్రామాలు ఈ జిల్లాల్లో చాలానే ఉన్నాయి. వాటిని కలపాలన్న డిమాండు ఏళ్లుగా ఉంది. అలా కలిపితే తమ భూముల అమ్మకాలు స్తంభిస్తాయన్న భయం అక్కడి గిరిజనేతరులకు ఉంది. ఎవరి వాదనకు వారి భూమే ఆధారం.

ఉద్యోగాల విషయంలోనూ ఇంతే. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులు అని అందరూ పిలిచేవి నిజానికి షెడ్యూల్డ్ ప్రాంత పాఠశాలల పోస్టులు. వాటిని నూరు శాతం స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. బడిలో పిల్లల భాష తెలిసినవారే, రోజూ బడికి రాగలిగేవారే ఉండాలన్నది జీవోను సమర్థించేవారి మాట. రిజర్వేషన్ నూరు శాతమైతే మిగతావారికి, వారిలో ఇతర వెనుకబడిన వర్గాలకు కూడా, తలుపు పూర్తిగా మూసినట్టేనన్నది కోర్టు దృష్టి. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

ఐటీడీఏలోనూ ఏజెన్సీ ఉంది

ఐటీడీఏ పేరులోని చివరి అక్షరం ఏజెన్సీయే. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ అని తెలుగులో రాస్తున్నప్పుడు ‘సంస్థ’ అన్నది ఆ అక్షరానికే. అంటే ఇక్కడ ఏజెన్సీ ప్రాంతం కాదు, ఒక పని కోసం ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ. 1970ల మొదట్లో కేంద్రం ప్రయోగాత్మకంగా పెట్టిన గిరిజనాభివృద్ధి ఏజెన్సీల్లో శ్రీకాకుళానిది ఒకటి. తర్వాత ఐటీడీఏలు వచ్చాయి. ఐటీడీఏ పరిధిలో షెడ్యూల్డ్ గ్రామాలతో పాటు జాబితాకు బయట ఉన్నా గిరిజన ఉప ప్రణాళిక (గిరిజనుల అభివృద్ధికి వేసే ప్రత్యేక ప్రణాళిక) కిందకు వచ్చే గ్రామాలు కూడా ఉంటాయి. కాబట్టి ‘మా ఊరు ఐటీడీఏ కింద ఉంది, అందుకే 1/70 వర్తిస్తుంది’ అన్న లెక్క తప్పు.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక ముడి ఇంకొంచెం బిగిసింది. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు రెండూ ఆ జిల్లాలోకి వెళ్లాయి. మందస, మెళియాపుట్టి వైపు గిరిజన గ్రామాలు శ్రీకాకుళంలోనే మిగిలాయి. కొత్త జిల్లాకు పాత తెలుగు మాట ‘మన్యం’ దక్కింది. ఇక ఏజెన్సీ అనే వలస పాలన నాటి మాట మానేద్దామనేవారు ఉన్నారు. పేరుతో పాటు దానికి అంటుకుని వచ్చిన హక్కుల జ్ఞాపకం కూడా పోతుందని వద్దనేవారూ ఉన్నారు.

దుకాణం బోర్డు మీది ఏజెన్సీ

కొండ దిగి బజారులోకి వద్దాం. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచినా, విజయనగరం గంటస్తంభం చుట్టూ తిరిగినా బోర్డుల మీద ఇంటి దేవుడి పేరు, పక్కన ‘ఏజెన్సీస్’ అని కనిపిస్తుంది. ఒకే గది, ఒకే గల్లాపెట్టె, మాట మాత్రం బహువచనం. ఎరువులు, పంపుసెట్లు, బిస్కెట్లు, సిమెంటు ఏదైనా కావచ్చు.

చట్టం దృష్టిలో వీరిలో చాలామంది ఏజెంట్లే కారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 182వ సెక్షను ప్రకారం ఇంకొకరి కోసం పని చేయడానికి, లేదా మూడో వ్యక్తితో వ్యవహారంలో వారికి ప్రతినిధిగా ఉండటానికి నియమితుడైనవాడే ఏజెంటు. నియమించినవాడిని ప్రిన్సిపల్ అంటారు, మనం యజమాని అనుకోవచ్చు. ఒక వ్యాపారి కంపెనీ నుంచి వంద రంగు డబ్బాలు డబ్బా 800 రూపాయలకు కొన్నాడు, 900కు అమ్ముతున్నాడు. పదిహేను డబ్బాలు అమ్ముడుపోక గట్టిపడిపోయాయి. ఆ 12,000 రూపాయల నష్టం అతనిదే. సరుకు అతనిది కాబట్టి అతను వర్తకుడు, ఏజెంటు కాదు. అదే కంపెనీ సరుకును తన దగ్గర ఉంచుకుని, కంపెనీ పేరున అమ్మి, డబ్బాకు 60 రూపాయల కమీషన్ తీసుకుంటూ, మిగిలినవి వెనక్కి పంపేస్తే అప్పుడు ఏజెంటు.

బోర్డు మీదనో, చివరికి ఒప్పంద పత్రంలోనో ‘ఏజెంటు’ అని రాసుకున్నంత మాత్రాన తేలదని, లావాదేవీ అసలు స్వభావం చూడాలని 1977లో ఒక పెట్రోలు బంకు పన్ను వివాదంలో సుప్రీంకోర్టు చెప్పింది. కొనేవాడికి ఈ తేడాతో పనేమిటి అంటే, పని ఉంది. ఏజెంటు తన అధికారం మేరకు చేసిన ఒప్పందం యజమాని చేసినట్టే లెక్క. వర్తకుడి నోటిమాట కంపెనీని కట్టిపడేయదు.

‘అధికారం మేరకు’ అన్నది ఎంత బరువైన షరతో బీమా కేసులు చూపిస్తాయి. ఏజెంటుకు ప్రీమియం ఇచ్చాను, కాబట్టి జీవిత బీమా సంస్థకు ఇచ్చినట్టే అని పాలసీదారు అనుకోవడం సహజం. 1997లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో ఏజెంటు ప్రీమియం చెక్కు తీసుకుని సకాలంలో సంస్థకు కట్టలేదు, పాలసీదారు మరణించాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఆ ఏజెంటుకు సంస్థ ఇవ్వలేదు కాబట్టి సంస్థకు బాధ్యత లేదని తీర్పు వచ్చింది. ఇంటికి వచ్చే మనిషి మనవాడిలా ఉంటాడు. అతని అధికారం మాత్రం ఎక్కడో ఒక నియామక పత్రంలో ఉంటుంది.

విదేశీ ఉద్యోగాల ఏజెంటు ఎవరివాడు?

ఉద్దానం నుంచి, ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి ప్రాంతాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కు వెళ్లే యువకులకు ఈ ప్రశ్న ప్రాణప్రదం. డబ్బు ఇచ్చేది వాళ్లే కాబట్టి ఏజెంటు తమ మనిషి అనుకుంటారు. నిజానికి చట్టబద్ధమైన రిక్రూటింగ్ ఏజెంటు ప్రాతినిధ్యం వహించేది అవతలి దేశంలోని యజమానికి. 1983 వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ ఈ పని చేయకూడదు. అభ్యర్థి నుంచి తీసుకోగల సేవా రుసుముకు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ అని పరిమితి ఉంది.

ఊళ్లో తిరిగి పాస్‌పోర్టులు పోగుచేసేవారిని సబ్ ఏజెంట్లు అంటారు. ఈ మాటకు వలసల చట్టంలో చోటు లేదు. అతను లక్షన్నర తీసుకుని మాయమైతే, నగరంలోని లైసెన్సు ఉన్న సంస్థ ‘అతను మా మనిషి కాదు’ అంటుంది. అప్పుడు ఒప్పందాల చట్టంలోని 237వ సెక్షను కొంత ఊతమిస్తుంది. ఫలానా వాడు మా మనిషే అని నమ్మేలా యజమాని తన మాటతోనో చేతతోనో చేసి ఉంటే ఆ తర్వాత కాదనడానికి వీల్లేదు. అయితే అది రుజువు చేయడానికి సంస్థ పేరున రసీదో, ఖాతాకు పంపిన సొమ్మో, ఏదో ఒక ఆనవాలు కావాలి. చేతికిచ్చిన నగదుకు సాక్ష్యం ఉండదు.

ఎన్నికల్లో ఏజెంటు అర్థం ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఎన్నికల ఏజెంటు, పోలింగ్ ఏజెంటు, కౌంటింగ్ ఏజెంటు అని వేరువేరుగా చెబుతుంది. ముగ్గురూ అభ్యర్థి తరఫువారే, పార్టీ తరఫువారు కాదు. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పోలయ్యాయో చూపే 17సి ఫారం నకలు పోలింగ్ ఏజెంటు చేతికే వస్తుంది.

ప్రభుత్వ విభాగాల పేర్లలో

దర్యాప్తు ఏజెన్సీ, పరీక్షల ఏజెన్సీ, వార్తా ఏజెన్సీ, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ. వీటిలో ‘తరఫు’ అర్థం దాదాపు అరిగిపోయి, ఫలానా పని చేసే సంస్థ అన్నది మాత్రమే మిగిలింది. అయినా ఎవరు ఎవరికి అధికారం ఇచ్చారన్న ప్రశ్న అప్పుడప్పుడు తల ఎత్తుతుంది. జాతీయ దర్యాప్తు సంస్థకు 2008 నాటి సొంత చట్టం ఉంది. సీబీఐ మాత్రం 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు వ్యవస్థ చట్టం కింద పనిచేస్తుంది కాబట్టి రాష్ట్రాల్లో దర్యాప్తుకు మామూలుగా ఆ రాష్ట్ర సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సమ్మతిని వెనక్కి తీసుకుని 2019లో మళ్లీ ఇచ్చింది.

మన జాలర్లకు ఈ మాట మరో రూపంలో ఎదురైంది. గుజరాత్ తీరంలో బోట్ల మీద పనికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను 2018 చివర పట్టుకున్నది పాకిస్తాన్ సముద్ర భద్రతా ఏజెన్సీ. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చారు.

తిరగబడిన అర్థం

ఇక సామాజిక శాస్త్రాల ఏజెన్సీ. ‘ఆ పథకం వల్ల స్త్రీల ఏజెన్సీ పెరిగింది’ అన్న వాక్యం చూసి ఏదో డీలర్‌షిప్ ఇచ్చారనుకుంటే నవ్వులాటే. ఇక్కడ ఏజెన్సీ అంటే తనకు ఏది ముఖ్యమో తానే తేల్చుకుని, దానికోసం పనిచేయగల శక్తి. అమర్త్య సేన్ 1985లో ప్రచురించిన ఉపన్యాసాల్లో మనిషి బాగోగులు వేరు, ఏజెన్సీ వేరు అని విడదీశారు. ఒక స్త్రీకి మూడు పూటలా భోజనం, మంచి ఇల్లు ఉండవచ్చు, అది బాగోగులు. తన పేరున ఉన్న పొదుపు సంఘం అప్పు దేనికి వాడాలో ఆమే నిర్ణయిస్తుందా, సంతకం పెట్టి డబ్బు భర్త చేతిలో పెడుతుందా అన్నది ఏజెన్సీ. అలా భర్త చేతిలో పెట్టాలని ఆమె నిజంగానే అనుకుంటే? పరిశోధకులు తెగ వాదించుకునే చోటు అది. అలవాటు పడిన అణకువను కూడా ఎంపిక అనవచ్చా అన్నది తేలిన ప్రశ్న కాదు.

దీనికి తెలుగులో ‘కర్తృత్వం’ అంటున్నారు. పాణిని ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు. వాక్యంలో చెప్పిన పని విషయంలో స్వతంత్రుడే కర్త. వ్యాకరణం కోసం చెప్పిన సూత్రమే అయినా ఈ ఏజెన్సీకి అతికినట్టు సరిపోతుంది. ఒప్పందాల చట్టంలోని ఏజెంటు మాత్రం సరిగ్గా స్వతంత్రుడు కానివాడు.

మనిషి కాని ఏజెంటు

ఇప్పుడు ఏఐ ఏజెంట్లు ఈ రెండు అర్థాలనూ ఒకే చోట కలిపేస్తున్నాయి. పలాస నుంచి హైదరాబాదుకు తక్కువ ధరలో టికెట్ తీయమని ప్రోగ్రాముకు చెబితే అది మీ తరఫున పనిచేస్తుంది. ఏ రోజు, ఏ బండి, ఎంత ధర అన్నది తానే తేలుస్తుంది. తేదీ తప్పు పెట్టి డబ్బు కట్టేస్తే నష్టం ఎవరిది? 1872 చట్టం ఏజెంటు అంటే ఒక వ్యక్తి అనే ఊహతో రాసింది. యంత్రాన్ని ఏజెంటుగా అది గుర్తించదు. 2000 నాటి ఐటీ చట్టం 11వ సెక్షను వేరే దారి పట్టింది. ఎవరి తరఫున స్వయంచాలకంగా పనిచేసేలా వ్యవస్థను అమర్చారో, దాని నుంచి వెళ్లిన సందేశం వారిదే అని చెప్పింది. ఈ లెక్కన ప్రోగ్రాము పంపిన టికెట్ అభ్యర్థన మీరు పంపినట్టే.

కంపెనీ తన తరఫున పెట్టిన ప్రోగ్రాము గురించిన ఒక కేసు కెనడాలో 2024 ఫిబ్రవరిలో తేలింది. విమాన సంస్థ చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. ఆ చాట్‌బాట్ తన చర్యలకు తానే బాధ్యత వహించే వేరే అస్తిత్వం అన్నట్టుగా విమాన సంస్థ వాదించింది. బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి, సంస్థ చేతే పరిహారం ఇప్పించింది.